ఆలస్యానికి కారణం

చిత్తూరులో మా పాలిటెక్నిక్ ల్యాబుకు రెండు తాళాలు.
ఒకటి ఇనుపది, రాత్రి తొమ్మిదికి పడతాది.
ఇంకోటి కంటికి కనపడదు,
సాయంత్రం ఐదున్నరకే పడతాది, మాకు మాత్రం.
"చీకటి పడతా ఉంది, పోండమ్మా హాస్టలుకి"
అంటాడు అటెండరు, పాపం మంచోడే.
మేం బయటికొస్తా ఉంటే మగపిల్లోళ్లు లోపలికి పోతారు
టీ గ్లాసులు పట్టుకోని.

అందుకని మా రోబో పుట్టింది ల్యాబులో కాదు,
హాస్టల్ వరండాలో,
నీళ్ల డ్రమ్ముకీ చెప్పుల స్టాండుకీ మధ్య.
నల్ల టేపు నేల మీద వంకరటింకరగా అంటించి
దాని మీద నడక నేర్పించినాం.
ఒకే ఒక ట్యూబ్‌లైటు, అదీ మిణుకుమిణుకు.
పేరు గండుచీమ. పెట్టింది షాహీన్.
వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నించి వచ్చి
కొంగు దులిపితే రాలేవంట అవి.

మునికుమారి సోల్డరింగు మొదలుపెడితే
కింద నించి వార్డెను కేక:
"ఏం కాలుస్తా ఉండారే?"
"అగరొత్తి మేడమ్!"

ప్రోగ్రాం నాది.
నలుపుకీ తెలుపుకీ నడిమి గట్టు ఒక అంకె,
ఐదు వందల ఇరవై.
పదకొండు రాత్రులు కూర్చోని పట్టుకున్న అంకె.
మా నాయిన ఫోన్ నెంబరుకి తడుముకుంటా గానీ
దాన్ని నిద్దట్లో అడిగినా చెప్తా.

తిరుపతికి బయల్దేరే ముందు ప్రిన్సిపాల్ సారు
"మగతోడు ఒకరుండల్ల" అని
హేమాద్రిని జట్టులో చేర్చినాడు.
వాడు బ్యాటరీ పెట్టె మోసినాడు.
బాగా మోసినాడు, అబద్ధం చెప్పకూడదు.

రేణిగుంట రోడ్డులో కాలేజీ. హాలునిండా జట్లు.
జడ్జి గారు మా బల్ల కాడికొచ్చి
మా ముగ్గురి తలల మీదుగా చూపు పోనిచ్చి
"కోడింగ్ నువ్వేనా బాబూ?" అన్నాడు.
హేమాద్రి నన్ను చూపించినాడు.
ఆయన నవ్వినాడు, ఎంత అణకువ ఈ పిల్లోడికి అన్నట్టు.
సెన్సారు సంగతీ మళ్లా వాణ్ణే అడిగినాడు.
నన్ను అడిగింది ఒకటే:
"చార్టు మీద పూలు నువ్వేనామ్మా వేసింది?"

అవి పూలు కాదు సార్.
సర్క్యూటు.

మొదటి పరుగు.
మూడు మలుపులు చక్కగా తిరిగింది గండుచీమ.
నాలుగో మలుపు కాడ కిటికీ,
కిటికీలో నించి పదకొండు గంటల ఎండ.
పగలెట్లుంటాదో అది పుట్టినాక చూళ్లేదు.
ఆగింది. అక్కడక్కడే గుండ్రంగా తిరిగింది,
తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల మాదిరి.
"చీమకి దారి తెలీలేదు, వంటింట్లో వదలండి దాన్ని!"
వెనక ఎవరో. నవ్వులు.

అప్పుడు తెలిసొచ్చింది నాకు
ఐదు వందల ఇరవై సెన్సారు లెక్క కాదని.
అది ఐదున్నర తాళం.
నా చేత్తో నేనే, ఒక్కో రాత్రీ,
చీమ తలకాయలోకి ఎక్కించినా
హాస్టలు టైము.

రెండో పరుగుకి ఏడు నిమిషాలుంది.
యంత్రాల కాడ చున్నీలు ప్రమాదమని
గేటులోనే మాకు పిన్నులు పెట్టించినారు.
షాహీన్ పిన్ను తీసింది,
అంచు పంటితో కొరికి జానెడు నల్లగుడ్డ పర్రున చించింది.
మునికుమారి దాన్ని సెన్సారు చుట్టూ పావడా మాదిరి కట్టింది.
నేను అంకె మార్చినా.
ఎంతకి మార్చినానో చెప్పను, అది మా సొత్తు.

పావడా కట్టిన రోబోని చూసి మళ్లా నవ్వినారు.
ఆ నవ్వు ముగిసే లోపల
నాలుగో మలుపు దాటింది.

బహుమతేం రాలేదు. పద్నాలుగో స్థానం.
బస్సులో హేమాద్రి అన్నాడు,
"రేపట్నించి మీకు ల్యాబు నేను తెరిపిస్తా."
"తెరిపించొద్దు. తాళంచెవి మాకే ఇమ్మను"
అనింది మునికుమారి.
పూతలపట్టు దాకా వాడు మాట్లాడలేదు.
ఆలోచిస్తా ఉండాడనుకుంటా. లేకుంటే నిద్రేమో.

హాస్టలు చేరేసరికి తొమ్మిదీ ఇరవై.
రిజిస్టర్లో గడి: ఆలస్యానికి కారణం.
పైనంతా ఒకే మాట, బస్సు, బస్సు, బస్సు.
పెన్ను తీసుకోని నేను రాసినా,
"ఎండ."

వార్డెను కళ్లద్దాలు సర్దుకోని చూసింది.
"ఏమే, రాత్రి తొమ్మిదింటికి ఎండేందే?"